రెజిన్‌తో పోసిన గోదావరి

గోదావరి పాయల మధ్య ఉండే మా లంకలో ఒక పద్ధతి ఉంది. గోదావరి గట్టును కోసుకుంటూ పెరటి దాకా వస్తే ఆ ఇంటివాళ్ళు ఏడుస్తూ కూర్చోరు. పెంకులు దించి, దూలాలు, తలుపులు, గుమ్మాలు ఊడదీసి బండి మీద వేసుకుని వెనక్కి జరుగుతారు. గోడలు నదికి పోతాయి, కలప మనకు మిగులుతుంది. దీన్ని ఇల్లు విప్పడం అంటారు.

తొంభైల చివర్లో ఒక వేసవిలో మా వంతు వచ్చింది. బావ పోయాక అక్క ఒక్కతే మా పుట్టింట్లో ఉండేది. నేను రాజమండ్రిలో ఒక ఇంజినీరు గారి దగ్గర మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇల్లు విప్పేద్దాంరా అంది అక్క. నేను మ్యాపు పరిచి, స్కేలు పెట్టి కొలిచి, "ఈ ఏడు ఇక్కడిదాకా రాదులే అక్కా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. చదువుకున్నవాడి మాట కదా, నమ్మింది. శ్రావణంలో వరద వచ్చింది. అక్క కట్టుబట్టలతో బయటపడింది. మా తాత పెట్టించిన టేకు గుమ్మంతో సహా ఇల్లు ఒక్క మధ్యాహ్నంలో నీళ్ళలోకి ఒరిగిపోయింది.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పెనుగొండలో ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయి నాతో మాట్లాడటమే మానేసింది. వాళ్ళ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి పిలిపిస్తే వచ్చేది కాదు. ఉత్తరాలకు జవాబు లేదు. వెళ్తే మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాకు పెళ్ళి కాలేదు, అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు. ఆదివారం వస్తే సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

అలాంటి ఆదివారాల్లో మా ఇంటి బొమ్మ మొదలుపెట్టాను. బల్ల మీద పట్టేంత. అగ్గిపుల్లలతో వాసాలు, టేకు ముక్క చెక్కి గుమ్మం, అట్టతో పెంకులు. ఇల్లు మూడు నెలల్లో అయిపోయింది. నీళ్ళే నన్ను ఏడాదిన్నర ఏడిపించాయి.

ఫైబర్ బొమ్మలు పోసే షాపులో రెజిన్ డబ్బా, హార్డెనర్ సీసా కొనుక్కొచ్చాను. రెజిన్ పల్చటి తేనెలా ఉంటుంది. హార్డెనర్ చుక్కలు కలిపితే గాజులా గట్టిపడుతుంది. మొదటిసారి ఆత్రంగా ఒకేసారి లోతుగా పోశాను. పొగలు కక్కి, అడ్డంగా పగిలింది. నా అద్దె గది కింద వాటాలో ఉండే ఇంటి ఓనరావిడ మెట్లెక్కి వచ్చి, "ఏంటండీ ఆ కంపు, పెయింటు షాపు గానీ పెట్టారా?" అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

రెండోసారి చేసింది శుద్ధ తెలివితక్కువ పని. మా ఇళ్ళలో శుభకార్యం ఏదైనా గోదారి నీళ్ళు ఒక్క చుక్కైనా కలపనిదే తోచదు. గోదావరిలో గోదావరి లేకపోతే ఎలా అనిపించి, పుష్కరాల రేవు నుంచి సీసాతో నీళ్ళు తెచ్చి, రెజిన్‌లో ఒక చెంచాడు కలిపాను. అంతా మజ్జిగలా తెల్లబడి, నెలరోజులైనా ఆరక జిగటగా ఉండిపోయింది. ఓనరావిడ చూసి, "నీళ్ళు చేయడానికి నీళ్ళు పోస్తే పాడైపోయాయా? చోద్యంగా ఉందండీ!" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి నవ్వూ వచ్చింది.

మూడోసారి, గాలిలో తేమ కూడా తగలకూడదని వానలు వెళ్ళేదాకా ఆగాను. రేవు ఇసుక ఎండబెట్టి అడుగున పరిచాను. పల్చగా ఒక పొర పోసి, సూదితో బుడగలు పొడిచి, అది గట్టిపడ్డాకే ఇంకో పొర. ఆకుపచ్చ రంగు సూదిమొనంత. చివరి పొర తీగపాకానికి వచ్చినప్పుడు పుల్లతో అలలు లాగాలి. కాస్త ముందైతే కలిసిపోతాయి, ఆలస్యమైతే విరుగుతాయి. చిన్నప్పుడు అరిసెల పాకం దగ్గర అక్క పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ అదను పట్టుకోగలిగాను. ఇసుక కనపడేంత తేటగా, అచ్చం వేసవి గోదావరి వచ్చింది. దాన్ని పెరటికి, ఆనాడు నేను కొలిచి చెప్పినంత దూరంలోనే ఆపాను.

"మన ఇంటి బొమ్మ చేశాను, ఒక్కసారి వచ్చి చూడు" అని కార్డు రాశాను. ఆ ఆదివారమే బస్సు దిగి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. గుమ్మాన్ని తడిమింది. తర్వాత నీళ్ళ మీద వేలు పెట్టి, అలల వెంట గట్టు దాకా నడిపించి ఆపింది.

"ఇల్లు ఊడొస్తుందేంట్రా?" అంది.

నాలుగేళ్ళ తర్వాత విన్న ఆ గొంతుకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బంక పెట్టి అతికించేశానక్కా, కదిపితే పాడవుతుందేమో అన్నాను.

"విప్పెయ్. ఇల్లు నేను పట్టుకెళ్తాను. గోదారి నీ దగ్గరుంచుకో."

ఈసారి నేను స్కేలు తీయలేదు. బ్లేడు తీశాను. అడుగు అట్టతో సహా చుట్టూ కోసి ఇంటిని పైకి లేపి ఇస్తే, తువ్వాలులో చుట్టుకుంది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్ళొస్తానని చెప్పలేదు, కానీ బస్సు మలుపు తిరిగేదాకా నావైపే చూసింది.

గదికి వచ్చేసరికి బల్ల మీద గోదావరి మెరుస్తోంది. ఇల్లున్న చోట నలుచదరంగా గుంట పడింది. డబ్బాలో ఇంకా రెజిన్ మిగిలే ఉంది గానీ, ఆ గుంటలో పోసి అక్కడా గోదావరి చేయడానికి నాకు చెయ్యి రాలేదు.