జానకు పదహారు వరుసలు

1953 నవంబరు 16, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. మా నాన్న పెళ్లికి ఇచ్చిన గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడిచేది. అది తీసేసే చెబుతున్నాను. ఆ నిమిషాన కర్నూలు బట్టల శెట్టి మా అరుగు మీద రెండున్నర రూపాయలు పెట్టి, పక్కింటి పెద్దమ్మ కుట్టిన బొంతను మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను లోపలి నుంచి వచ్చి, "ఆగండి శెట్టిగారూ" అన్నాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఓర్వకల్లు దగ్గర బండల నడుమ ఉండే ఆ ఊరికి కోడలిగా వచ్చి ఏడాదీ నాలుగు నెలలు. ఒక మగవాడితో బేరానికి నోరెత్తడం అదే మొదలు. మా అత్త చేతిలోని చేట చేతిలోనే ఉండిపోయింది.

కర్నూలు రాజధాని అయి అప్పటికి నెలన్నర. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు గుడారాల్లో కాపురాలు పెట్టి, రాత్రి చలికి వణుకుతున్నారని బస్సులో వచ్చినవాళ్లందరూ చెప్పేవారు. అందుకే శెట్టి ఊళ్లు తిరిగి బొంతలు పోగుచేస్తున్నాడు. పాత చీరలు ఐదు పొరలుగా పరిచి, అంచు నుంచి నడుమ దాకా వరుసలు వరుసలుగా కుడితే ఒక బొంత. ఊళ్లో ఎవరూ దానికి వెల చెప్పేవారు కాదు. తల్లి చీరకు వెల కట్టినట్టవుతుందని పట్టింపు. "మీకు తోచింది ఇయ్యండి" అనాలి. శెట్టికి ఎప్పుడూ రెండున్నరే తోచేది.

పెద్దమ్మ దూదేకుల ఇంటి ముసలామె. భర్త దూది ఏకుతూ ఏకుతూ దగ్గుతో పోయాడు. ఆమె కుట్టులా చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరి కుట్టూ ఉండేది కాదు. కానీ ఆ ఏడాది సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. రోజూ పొద్దున నేనే ఏడు సూదులకు దారం ఎక్కించి ఆమె ముందు వరుసగా గుచ్చిపెట్టేదాన్ని. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకుని అద్దాలు పెట్టించుకోవాలని ఆమె కోరిక. అద్దాలకు పద్నాలుగు రూపాయలవుతుందని ఎవరో చెప్పారు. శెట్టి ఇచ్చే రెండున్నరలో దారానికీ బట్టకీ పోను ఆమెకు మిగిలేది రూపాయి పావలా. ఆ లెక్కన అద్దాలు రావాలంటే పన్నెండు బొంతలు కుట్టాలి. అందుకే నేను నోరెత్తాను.

"ఏం తల్లీ, ఏమన్నా తక్కువైందా?" అన్నాడు శెట్టి.

బొగ్గు తీసుకుని గోడ మీద రాశాను. "శనక్కాయ పీకేదానికి పోతే ఆడమనిషికి దినానికి ఎనిమిదణాలు. ఈ బొంతకు పెద్దమ్మకు ఎనిమిది దినాలు పట్టె. నాలుగు రూపాయలు. పాత బట్టకు పద్నాలుగణాలు, దారానికి ఆరణాలు. ఐదుంబావు. ఇందులో లాభం ఒక్క అణా కూడా లేదు."

"బొంతకు యాడన్నా వెల చెప్తారేమే!" అని అత్త చేటతో నా వీపు మీద తట్టింది.

శెట్టి నవ్వాడు. "బొంతంటే బొంతే గదమ్మా. అందరివీ ఒకటే."

"ఒకటే అయితే మీ జాన పెట్టి లెక్కబెట్టండి."

అతను బొంత విప్పి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి జాన పెట్టాడు. నేను వరుసలు గట్టిగా లెక్కపెట్టాను. పదహారు. తరువాత మా అత్త కుట్టిన బొంత తెచ్చి పరిచాను. పదకొండు.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "శెట్టీ, నీ చెయ్యి శానా పెద్దది గదప్పా. నా జానకైతే పద్నాలుగే వస్తాయి. నీ చేత్తోనే కొలుచుకో, మాకే మేలు" అంది.

అరుగంతా నవ్వు. శెట్టి కూడా నవ్వాడు గానీ చెయ్యి మాత్రం గబుక్కున ముడుచుకున్నాడు. గంటా ఇరవై నిమిషాల బేరం. చివరికి జానకు పద్నాలుగు దాటితే ఐదుంబావు, పది దాటితే మూడున్నర అని ఒప్పుకున్నాడు. అతను బండెక్కి పోగానే పెద్దమ్మ ఆ డబ్బును రెండు చేతుల్లో పట్టుకుని గలగలలాడించింది. నేను అరుగు మీది నుంచి ఎగిరి దూకాను. కొత్తకోడలు ఎగరడం ఏమిటని అత్త అరిచింది.

"నువ్వు గూడా ఎగురు వదినా, నీదీ రూపాయి పెరిగె గదా" అంది పెద్దమ్మ.

"దానికి ఐదుంబావు, నాకు మూడున్నరా? సొంత కోడలు వేసిన లెక్క చూడు!" అని అత్త ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రానికి పాత చీరలు తీసి, జానకు పదిహేను వరుసలు కుట్టడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా మా వసారాలో ఐదుగురు ఆడవాళ్లు చేరారు. ఒకరి బొంత మీద ఒకరు జాన పెట్టి చూసేవారు. "నీ వరుస పామోలె పోతాండాది", "నీ కంటికి పామే కనపడతాది, పొద్దన మొగుని మొగం చూసొచ్చినావు గదా" అని ఒకటే ఎగతాళి. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు.

డిసెంబరు 9, బుధవారం సాయంత్రం దీపం పెట్టగానే పెద్దమ్మ అంది: "పాపా, దీపం చుట్టూ రంగుల గుండ్రం కనపడతాండాది."

"రేపే ఆసుపత్రికి పోదాం" అన్నాను. అద్దాలకు కావలసిన డబ్బు అప్పటికే చేతిలో ఉంది.

"రేపటికి ఈ బొంత అయిపోతాది. అయినాంక పోదాం." మొదటి కుట్టు పడ్డ బొంతను విడిచి కుట్టే మనిషి ఊరి పొలిమేర దాటకూడదు. అది ఆ ఊళ్లో అందరూ పాటించే నియమం. వెనకటి రోజుల్లో ఎవరైనా అడిగినప్పుడే కుట్టేవాళ్లు కాబట్టి బొంతకూ బొంతకూ నడుమ వారమో నెలో ఖాళీ దొరికేది. ఇప్పుడు అలా కాదు. మరునాడు ఒకటి ముగించి, అదే సాయంత్రం ఇంకొకటి మొదలుపెట్టింది.

"ఏం పెద్దమ్మా ఇది?" అంటే, "ఊరికే కూచుంటే దినానికి ఎనిమిదణాలు పాయె గదా. లెక్క చెప్పినదానివి నువ్వే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తరువాత కూడా అలాగే జరిగింది, ఆరుసార్లు.

జనవరి 31, ఆదివారం పొద్దున ఆమె వరుస పక్కకు జారి బట్ట అంచు దాటిపోయింది. అది ఆమెకు తెలియలేదు. ఎడమ కన్ను నా చేత్తో మూసి, "నేను కనపడతాండానా?" అని అడిగాను. "మాటే వినపడతాండాది" అంది.

బొంత సగంలో కూడా లేదు. ఏం చేయాలో నాకు తోచలేదు. అప్పుడు మా అత్త, బొంతకు వెలేమిటని నన్ను చేటతో కొట్టిన అత్తే, కొడవలి తెచ్చి దారం తెంపి, వేసిన వరుసలన్నీ బర్రున లాగేసింది. "విప్పేసినాంక మొదలుపెట్టనట్టే. లెయ్, పోదాం." అంత సులువైన దారి నాకు డిసెంబరు 9న తట్టలేదు. గోడ మీద లెక్క వేసినదాన్ని నేనే.

మరునాడు, సోమవారం, కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు పెద్దమ్మ కంట్లోకి వెలుగు వేసి చూసి, "దీపం చుట్టూ రంగులు మొదలై ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"యాభైనాలుగు రోజులు" అన్నాను.

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "ఇంత కచ్చితంగా తెలిసినదానివి, ఆ రోజే ఎందుకు తీసుకురాలేదమ్మా? ఎడమది నిలబెడదాం. కుడిది పోయింది."

పెద్దమ్మకు ఆ బేరం నాటి బొంతతో కలిపి పది బొంతలకు వచ్చింది యాభై రెండున్నర రూపాయలు. పోయినవి: యాభైనాలుగు రోజులు. విప్పేసిన బొంత ఒకటి, దానికి పట్టిన మూడు రోజుల కుట్టు, తెల్ల దారం ఒక ఉండ. కుడి కన్ను ఒకటి.