ఒజానీర్ దాచిన గుంత

మా ఊరి రోగుల్ని తెరెజీనా నగరంలోని పెద్దాసుపత్రికి చేర్చే మునిసిపాలిటీ వ్యానుకి నేను డ్రైవర్ని. పోను ఆరు గంటలు, రాను ఆరు. ఆ ఏడాది ఒజానీర్ బావని ఎన్నిసార్లు ఎక్కించానో, ఎన్నిసార్లు దించానో నా నడుముకే తెలుసు.

బావ పశువుల కాపరి. తోలు చొక్కా తొడుక్కుని, ముళ్లకంపల్లోకి గుర్రాన్ని దౌడు తీయించేవాడు. పనిలేని రోజుల్లో కుక్కని వెంటేసుకుని టటు వేటకి పోయేవాడు. టటు అంటే ఒళ్లంతా పెంకుతో బొరియల్లో బతికే జంతువు. నిలువు గుంత తవ్వి, మన తల లోపల పెట్టి దాని తోక పట్టి లాగాలి. కూర అమోఘం. కానీ వేట నేరం.

ఆగస్టులో వేటకెళ్లొచ్చిన రెండు వారాలకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. వాటంతటవే తగ్గాయి. క్రిస్మస్‌కి కాళ్లు తిమ్మిరెక్కాయి. జనవరిలో గుర్రం దిగి నిలబడబోయి కూలబడ్డాడు. ఆ తర్వాత నడుము కిందంతా మొద్దుబారింది. మూత్రానికి గొట్టం వేశారు.

వెన్నుపాము వాచిందన్నారు. ఎందుకో తేలలేదు. క్షయేమోనని మూడు నెలలు మాత్రలు మింగించారు. గుణం లేదు. మట్టిపనేమైనా చేశావా అని ఎవరడిగినా బావది ఒకటే మాట: "లేదండీ, ఆవుల వెనక తిరగడమే."

ఆ కూర నేనూ తిన్నాను. నేనూ నోరు మెదపలేదు.

మే నెలలో కొత్త డాక్టరమ్మ సూటిగా అడిగింది. "పెద్దాయనా, టటు కోసం తవ్వావా?"

"అబ్బే, ఎక్కడ తల్లీ!"

అతని భార్య జొవెలీనా అక్క గోడకి చేరబడి ఉంది. నెలల తరబడి ఆ మనిషిని ఎత్తి, కడిగి, పక్క మార్చి సగమైపోయింది.

"తవ్వాడమ్మా," అంది గొంతు పెంచకుండా. "కుక్క కూడా దగ్గి దగ్గి చచ్చింది."

"ఏమే, నన్ను జైల్లో తోయిస్తావా?"

"తొయ్యనీ. అక్కడైనా నిన్ను ఇంకెవరో ఎత్తుతారు."

"నేను పోలీసుని కాదు," అంది డాక్టరమ్మ. "ఆ బొరియల మట్టిలో ఒకరకం బూజు ఉంటుంది. దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలామందికి దగ్గుతోనే సరి. వెన్నుపాము దాకా పాకడం ఎక్కడో ఒకరికి."

వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే అదే తేలింది. బూజు చంపే మందు రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్లూ.

తిరుగుదారిలో బావ అడిగాడు. "ముందే చెప్పుంటే నడిచేవాణ్ణేమోరా?"

"ఏమో బావా," అన్నాను. నిజంగానే నాకు తెలీదు.

ఏడాది తిరిగేసరికి ఎడమకాలు స్వాధీనమైంది. కుడికాలు ఈడుస్తాడు. గుర్రాన్ని మేనల్లుడికి ఇచ్చేశాడు.

మూత్రం గొట్టం తీసేసిన నెలలో, మందుకి వెళ్తూ దారిలో వ్యాను ఆపమన్నాడు. కర్ర పట్టుకుని, తనే దిగి, కంప చాటుకెళ్లి రావడానికి పావుగంట పట్టింది. ఎండ మండిపోతోంది. వ్యానులో ఎనిమిదిమంది రోగులున్నారు. ఒక్కరూ విసుక్కోలేదు.