చింతపండుతో తోమిన పతకాలు

రియాద్ ఎయిర్‌పోర్టులో మా బాబు స్కూలు బ్యాగు దగ్గర స్కానర్ బెల్టు ఆగింది. ఆపరేటర్ ఇంకో అధికారిని పిలిచాడు. బ్యాగులో రెండు వెండి పతకాలున్నాయి.

విక్టోరియా రాణి కాలంలో మా ముత్తాత తాతగారు మద్రాసు పటాలంలో ఒక ఇంగ్లీషు కెప్టెన్‌కి వంటవాడు. ఆ దొర స్వదేశం వెళ్తూ తన పతకాలు మూడూ ఆయనకిచ్చాడట. బాబు స్కూల్లో చూపిస్తానని మారాం చేస్తే, నేను నర్సుగా పనిచేసే ఈ ఊరికి పోయిన సెలవుల్లో రెండు తెచ్చాను. వాటినే తిరిగి గుంటూరు తీసుకెళ్తున్నాం.

"ఇవి పురాతన వస్తువులు. మీవేనని ఆధారం ఉందా?" అన్నాడు అధికారి.

ఫోన్లో దొర రాసిచ్చిన చీటీ ఫోటో చూపించాను. "ఈ పేరే పతకాల అంచు మీదా ఉంటుంది, చూడండి."

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. రెండింటి అంచులూ నున్నగా ఉన్నాయి.

కంగారుగా అమ్మకు ఫోన్ చేసి, అంచు మీద పేరు ఏమైందని అడిగాను. "ఏటా క్రిస్మస్‌కి చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది నువ్వే కదే. మెరవకపోతే ఊరుకునేదానివా?" అంది.

పతకాలు ఉంచేసుకుని రసీదు ఇచ్చారు. ఆధారం తెస్తే తిరిగి ఇస్తారట. నా చేత్తో నేనే అరగదీసిన పేరును ఎక్కణ్ణుంచి తేను?

మర్నాడు ఉదయం గుంటూరులో బాబూ, వాడి చెల్లెలూ మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి మూడో పతకం తీశారు. రిబ్బను చినిగిపోతుందని మేమెప్పుడూ తోమనిది అదొక్కటే. "అమ్మా, నల్లగా ఉంది, చింతపండు ఇవ్వు" అన్నారు.

"నల్లగానే ఉండనివ్వండి" అన్నాను. "ముందు అంచు మీదున్న పేరు చదివి, కాగితం మీద రాయండి."