సద్ది సంచి మీద నింద

సద్ది సంచి ఎంత బరువుంటుంది? ఒక అన్నం గిన్నె, కూర డబ్బా, రెండు ఉల్లిగడ్డలు. ఆ బరువు ఏళ్లుగా నా మీద ఉంది. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను. విన్నాక ఛీ అనుకుంటే అనుకోండి. నేను రోజూ అనుకునేదే.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాది మెకానిక్ షెడ్డు. చిన్న ట్రాక్టర్లు, వాటి వెనక తగిలించే, కత్తులు తిరిగి మట్టిని గుల్లచేసే రోటవేటర్లు బాగుచేస్తాను. ఒకరోజు కందుకూరు వైపు నుంచి ఒక కూరగాయల రైతు మినీ ట్రాక్టర్ తెచ్చాడు. పేరు జంగయ్య అనుకోండి. రోటవేటర్‌ను పైకెత్తి ఇంజన్ ఆపితే అది మెల్లగా కిందికి దిగిపోతోంది. ఈ జబ్బు మాకు కొత్త కాదు. రోటవేటర్‌ను ఎత్తే భాగాన్ని లిఫ్టు అంటాం. దాని సిలిండర్‌లో ఆయిల్‌ను పట్టి ఉంచేది ఒక రబ్బరు రింగు. అది అరిగితే ఆయిల్ పక్క నుంచి జారిపోతుంది, పైనున్న బరువు దిగుతుంది. రింగు మారిస్తే సరి.

ఆ తేలిక పనిలోనే తప్పు చేశాను. ఆ రింగు ఉండే పిస్టన్ బయటికి రాకుండా మొండికేసింది. ఓపిగ్గా తట్టి తీయాలి. నేను స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించబోయాను. అది జారి సిలిండర్ లోపలి గోడ మీద గీత పడింది. గోరుతో తడిమి చూశాను. గోరు ఆగింది. గోరు ఆగేంత గీత మీద ఏ రింగూ నిలవదు. పైగా రోటవేటర్ పైకి లేచినప్పుడు రింగు వచ్చి ఆగేది సరిగ్గా అక్కడే. నా చెయ్యి జారింది, సిలిండర్ మార్చాలి అని చెబితే అయిపోయేది. కానీ షెడ్డులో నలుగురు కూర్చుని ఉన్నారు. లిఫ్టు పనిలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని అంతకుముందే వాళ్లకు కోతలు కోసి ఉన్నాను. కొత్త రింగు వేసి మూసేశాను.

మా దగ్గర ఒక రివాజు ఉంది. రిపేరయ్యాక రోటవేటర్ పైకెత్తి, ఇంజన్ ఆపి, అందరం చాయ్ తాగుతాం. చాయ్ అయ్యేదాకా దిగకపోతే పని పాసైనట్టు. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, ఎలాంటి గీతనైనా కాసేపు దాస్తుంది. చేన్లో తిరిగి వేడెక్కి పలచబడితేనే అసలు సంగతి బయటపడుతుంది. అది తెలిసీ నేను చల్లటి బండి దగ్గర చాయ్ తాగించాను. రోటవేటర్ కదలలేదు. కిందికి దూరేటప్పుడు ఆసరాగా మొద్దు ఏమైనా పెట్టుకోవాలా అని జంగయ్య అడిగాడు. అక్కర్లేదన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ వారంలోనే అయింది. టమాటా చేన్లో రోటవేటర్ కత్తులకు పాత డ్రిప్పు పైపు చుట్టుకుంది. జంగయ్య పైకెత్తి, ఇంజన్ ఆపి, కింద చెయ్యి పెట్టాడు. అప్పుడే వచ్చిన అతని భార్య అంజమ్మ సద్ది సంచిని సీటు పక్కనున్న లిఫ్టు లివర్‌కు తగిలించింది. ఆ లివర్ పైకంటే రోటవేటర్ లేస్తుంది, కిందికంటే దిగుతుంది. మావైపు అందరూ అక్కడే తగిలిస్తారు. పైపు ఎంతకీ రాలేదు. రోటవేటర్ వెంట్రుకవాసి చొప్పున దిగుతున్న సంగతి ఎవరూ చూడలేదు. చివరికి ఆ గీత మీద తెగిన రింగు ఒక్కసారిగా వదిలేసింది. పక్క చేనువాళ్లు గడ్డపారలతో లేపి చెయ్యి బయటికి తీశారు, దవాఖానకు తీసుకుపోయారు. ఆ హడావిడిలో లివర్‌ను ఎవరూ చూడలేదు. బండి చేన్లోనే ఉంది, వచ్చి చూడమని నాకు ఫోన్ చేశారు.

వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. రోటవేటర్ నేల మీద ఉంది. సంచి ఇంకా వేలాడుతోంది. లివర్ మాత్రం పైనే ఉంది. ఆ లివర్ ఎంత బిగువో నాకు తెలుసు, సద్ది సంచికి కదిలేది కాదు. లివర్ పైన ఉండి బరువు కింద ఉందంటే లిఫ్టు పని తెలిసినవాడెవడైనా చెబుతాడు, తప్పు సిలిండర్‌ది, అంటే నాది. చుట్టూ చూశాను. లివర్‌ను కిందికి నొక్కాను.

ఆలోచించి చేశానా? ఆలోచన అవసరం లేకుండానే చేశాను. అదే నాకు ఎక్కువ రోత. సంచి మాత్రం తీయలేదు. ఎందుకు తీయలేదో తెలియదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. తెలిసే వదిలేశాను. కాసేపటికి ఊరివాళ్లు వచ్చి సంచిని చూశారు, దిగి ఉన్న లివర్ చూశారు, ఇంకేమీ అడగలేదు.

దవాఖాన వరండాలో అంజమ్మ నన్ను ఆపింది.

"అన్నా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నువ్వు పోయినప్పుడు లివర్ కిందికే ఉండెనా?"

"అవ్ చెల్లె, కిందికే ఉండె."

"సంచి నేనే తగిలిచ్చిన గదనే అన్నా."

"కావాలని చేసినవా ఏంది? ఇగ గదే పట్టుకోని ఫికర్ చెయ్యకు."

ఓదార్చాను. నా తప్పుకు ఆమెను క్షమించాను. ఆమె నాకు చేతులెత్తి దండం పెట్టింది. ఇంతకన్నా నీచం ఇంకేమైనా ఉంటుందా?

బండి షెడ్డుకు తెచ్చి, సిలిండర్ మార్చి, పాతది పాత ఇనుము కింద పడేశాను. వాళ్లకు మాత్రం లివర్ బిగించానని చెప్పాను. జంగయ్యకు కుడిచేతి వేళ్లు చాలావరకు పోయాయి. ఇప్పుడు అన్నం అంజమ్మే కలిపి ఇస్తుంది. కోపం వస్తే, నీ సద్ది నా చెయ్యి తిన్నది అంటాడట. ఆమె ట్రాక్టర్ దగ్గరికి రాదు. సంచి గట్టు మీదే పెట్టి అక్కడి నుంచే కేకేస్తుంది. నేను చూశాను.

ప్రతి పంటకూ నాకు టమాటాలు పంపుతారు, ఫోన్ చేయగానే వచ్చి బండి బాగుచేసి ఆపదలో ఆదుకున్నానని. అవి నా గొంతు దిగవని రాయబోయాను. అబద్ధం. తింటాను. రుచిగానే ఉంటాయి.

ఆ ఇద్దరూ ఇది చదవరనే ధైర్యంతోనే రాస్తున్నానేమో. ఆ పిరికితనం కూడా రాసేస్తున్నాను. దీనితో ఏదీ కడిగేసినట్టు కాదు, నాకు తెలుసు. కానీ ఇవాళ షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక మాట పైకి అని చూశాను. మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాస్త ఊపిరి ఆడింది.

"చెల్లె, నీ సంచికి లివర్ కదలలె. అది పైనే ఉండె. దించింది నేను."