మరక లేని చొక్కా

ఆ బుధవారం ఉదయం ఆమె మొదట ఇస్త్రీ చేసిన చొక్కా నాయకుడిది. బాగా నలిగింది గానీ, దానిమీద ఒక్క నెత్తురు చుక్క లేదు.

తెచ్చినవాడు నాయకుడి పీఏ. ఎవరు ఏ పని మీద వచ్చినా "తర్వాత చూద్దాం" అనే మనిషి కాబట్టి అందరూ అతన్ని 'తర్వాత గారు' అంటారు. ఆ రోజు మాత్రం "ఇప్పుడే కావాలక్కా, అర్జెంటు" అన్నాడు. నాయకుడి బంగళా పక్క సందులో, మెట్ల కింద గదిలో ఆమె ఇస్త్రీ బల్ల. ఏళ్ల తరబడి ఆ ఇంటి బట్టలు అక్కడికే వస్తున్నాయి. ఆమె భర్త ఆ ఇంట్లోనే డ్రైవరు. కాలరు, భుజాలు, చేతులు, ఆఖరున వీపు రుద్ది, హ్యాంగరుకు తగిలించి ఇచ్చింది. అప్పుడు నోరు విప్పాడు తర్వాత గారు.

"పొద్దున్నే కారు లారీని గుద్దిందక్కా. సారు ఇక లేరు. మీ ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికేం భయం లేదు."

ఆసుపత్రికి పరుగెత్తుతుంటే తట్టింది ఆమెకు, చేతులారా ఏం ఇచ్చేసిందో.

నాయకుడికి కారు నడపడమంటే పిచ్చి. జనం చూస్తే పెద్దరికానికి తక్కువని, ఊళ్లో ఉన్నంతసేపూ వెనక సీట్లోనే కూర్చునేవాడు. టోల్‌గేటు దాటగానే చొక్కా విప్పి వెనక కొక్కేనికి తగిలించి, బనీనుతో స్టీరింగు పట్టేవాడు. సభ దగ్గరపడితే మళ్లీ చొక్కా, మళ్లీ వెనక సీటు. డ్రైవరు ఇంటికొచ్చి నవ్వేవాడు. "నాకు జీతమిచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన డ్రైవరీ చేస్తాడే!" ఆ ఇంట్లో వంటమనిషి దగ్గర్నుంచి నాయకుడి భార్య అమ్మగారి దాకా అందరికీ తెలిసిన సంగతే. బయటి వాళ్లకు తెలియదు.

ఆ పొద్దున కూడా కొక్కేనికి వేలాడింది కాబట్టే చొక్కాకి నెత్తురు అంటలేదు; బండి నడిపింది ఆయనేననడానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. మధ్యాహ్నానికి అది నాయకుడి ఒంటిమీదికి ఎక్కింది. మర్నాడు ఆయనతోపాటే బూడిదైంది. పేపర్లు 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాశాయి. ఎడమ భుజం, రెండు పక్కటెముకలు విరిగిన డ్రైవరు మంచం మీంచి ఉన్నదున్నట్టు చెబితే, ఎస్సై కసిరాడు. "పోయినాయన మీదికి తోస్తావేంట్రా?" గది గుమ్మం దగ్గర కానిస్టేబుల్ కూర్చున్నాడు. భార్యను లోపలికి పోనివ్వలేదు.

శనివారం ఆమె బంగళా ముందు పరామర్శల వరసలో నిలబడింది. వరస వీధి మలుపు దాకా ఉంది. నిజం చెప్పగలిగిన మనిషి లోపల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె నోటివెంట ఒక్క మాట రావాలి.

"పెద్దాయన వెనక సీట్లో నిద్రపోతున్నాడట పాపం," అంది ముందున్న పళ్ల కొట్టావిడ. "ఆ డ్రైవరు వెధవ తాగుంటాడు."

"తాగడమెందుకు వదినా, ఫోను చూసుంటాడు," అంది ఆవిడ పక్కనున్న ఆడపడుచు. "ఒక చెయ్యి ఫోనుకి, ఒక చెయ్యి హారనుకి. స్టీరింగు దేవుడు తిప్పాలి!"

ఇద్దరూ కిసుక్కున నవ్వి, వచ్చింది చావింటికని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఆయన తాగడు," అంది ఇస్త్రీ ఆమె.

"ఎవరమ్మా?"

"మా ఆయన."

ఆ తర్వాత వాళ్లు వెనక్కి తిరగలేదు. ఒక అడుగు ముందుకు జరిగి నిలబడ్డారు.

హాలు గుమ్మం దగ్గర తర్వాత గారు అందరికీ ఒకటే చెబుతున్నాడు. "దండం పెట్టి కదలండి. అమ్మగారితో మాట్లాడకండి, ఒంట్లో బాగోలేదు." ఆమెను చూడగానే మొహం మాడింది.

"నువ్వెందుకొచ్చావక్కా? తర్వాత నేనే..."

"తర్వాతంటే ఎప్పుడు తమ్ముడూ? జైల్లో వేశాకా?"

వెనక జనం తోస్తున్నారు. అతను పక్కకు జరిగాడు.

దండ వేసిన ఫొటో పక్కన కుర్చీలో అమ్మగారు. వెనకే ఆమె అన్న. ముందున్న మనిషి దండం పెట్టి, "ఉప ఎన్నికలో మీరే నిలబడాలమ్మా, ఆయన పేరు నిలబెట్టాలి," అన్నాడు. అన్నగారు తల ఊపాడు. ఇస్త్రీ ఆమె వంగి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, బండి ఎవరు నడిపారో మీకు తెలుసు. ఎస్సైకి ఒక్క మాట చెప్పండి. ఇంకేం అడగను."

అమ్మగారి కళ్లు వాచి ఉన్నాయి. ఆ ఏడుపు నటన కాదు. ఆవిడ ఇస్త్రీ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"చొక్కా ఎంత బాగా చేశావమ్మా. ఒక్క ముడత లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నారు ఆయన."

అని భోరుమంది. కెమెరాలు మెరిశాయి. అన్నగారు ఇస్త్రీ ఆమె భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, పక్క గుమ్మం వైపు తిప్పాడు.

బయట ఫొటోగ్రాఫరు వెంటబడ్డాడు. "ఆయనకి నువ్వేమవుతావమ్మా? ఫొటో కింద రాయాలి."

"ఇస్త్రీ చేస్తాను. మా ఆయన..."

"చాల్లే," అని అతను అప్పటికే 'అభిమాని' అని రాసేసుకున్నాడు.

ఆమె ప్రహరీ చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ వరస చివర నిలబడింది. ఆరింటికి గేటు మూసేటప్పటికి ఇంకా వీధిలోనే ఉంది. పరామర్శలు ఆదివారంతో ఆఖరు. డ్రైవరును ఆసుపత్రి నుంచి స్టేషనుకు తీసుకెళ్లేది సోమవారం పొద్దున.