గొడుగుల బాబాయి

సైనిక స్థావరంలో పారాచూట్లు మడతపెట్టే ఆయన్ని అందరూ గొడుగుల బాబాయి అంటారు. మడత కదలకుండా పెట్టే పది క్లిప్పులనూ పని కాగానే బొటనవేలితో తడుముతూ లెక్కపెట్టి డబ్బాలో వేస్తాడు. యుద్ధం కబుర్లు అడిగితే, "నేను ఈ గది దాటలేదురా" అని నవ్వేస్తాడు.

ఒక ఉదయం సైనికులు విమానం ఎక్కబోతుంటే రొప్పుకుంటూ వచ్చి, రొమ్మునిండా పతకాలున్న అధికారి ముందు నిలబడ్డాడు.

"ఒక క్లిప్పు తగ్గింది సార్. దేంట్లోనో మరిచిపోయుంటాను. అది ఉంటే గొడుగు విచ్చుకోదు. అన్నీ విప్పించండి."

"వీళ్లు దూకడం చూడ్డానికి పైఅధికారులొచ్చారయ్యా. నీ ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి సార్."

సాయంత్రానికి బల్ల మీద పరిచి నలభై పారాచూట్లూ విప్పారు. ఎందులోనూ లేదు. బాబాయి చేతిగుడ్డ కోసం జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఎవరూ చూడలేదు. అయినా క్లిప్పు తీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"నా జేబులోనే ఉంది సార్."

అధికారి ఆ క్లిప్పు తన చేతిలోకి తీసుకున్నాడు.

"నేనైతే చప్పుడు కాకుండా బల్ల కింద పడేసేవాణ్ణి" అన్నాడు.