వెండి పిల్లి

సత్తుపల్లిలో మేం కిరాయికుంటున్న పైపోర్షన్లో పిల్లి లేని రోజులు తక్కువ. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. బడి అయ్యాక బస్టాండు వెనకా, చికెన్ కొట్ల దగ్గరా దిక్కులేకుండా తిరిగే పిల్లుల్ని పట్టి తెచ్చి, గాయాలుంటే మాన్పించి, మచ్చికయ్యాక ఎవరింటికో చేరుస్తాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయిందన్న సామెత నన్ను చూసే పుట్టిందంటాడు మా ఆయన. ఒకసారి నిజంగానే పెళ్లికి బుట్టతో వెళ్లాను. భోజనాల బంతిలోనే ఒక పిల్లికూనకు ఇల్లు కుదిరింది. ఆ సంగతి ఎంతమందికి చెప్పుకున్నానో నాకే గుర్తులేదు. నలుగురూ మంచిదాన్నని అనుకోవడం నాకు ఇష్టం. జరిగింది చెప్పేముందు ఈ మాట ఒప్పుకోవాలి.

ఒక బూడిదరంగు పిల్లి మాత్రం మచ్చిక కాలేదు. ఏదో హోటల్ వెనక మరిగే నూనె పడి దాని వీపు కాలింది. రెండు నెలలు మా బాత్రూంలో పెట్టి మందు రాశాను. గాయం మానింది గానీ కోపం మానలేదు. అన్నం గిన్నె పెట్టిన చేతినే గీరేది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, మళ్లీ పూట కాగానే గిన్నె పెట్టేదాన్ని. ఒళ్లో కూర్చునే పిల్లి కాదది. ఎలుకల్ని పట్టడంలో మాత్రం దానికి సాటి లేదు.

కింద ఉండే ఓనరమ్మ వాళ్లది ఇనుప సామాన్ల వ్యాపారం. వాళ్లింట్లో పావురాలున్నాయి. గాయం మాని బయట తిరగడం మొదలుపెట్టాక పిల్లి ఆ గూటి ముందే కూర్చునేది. ఒక్కదాన్నీ ముట్టలేదు, ఊరికే చూసేది. ఓనరమ్మ ఒక రోజు మెట్లెక్కి వచ్చింది.

“బేటీ, నీ పిల్లి భయానికి మా పావురాలు గింజలు ముడ్తలేవు. జుమ్మా లోపల ఏదన్నా జెయ్యి తల్లీ.”

గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అంత మెత్తగా శుక్రవారం దాకా గడువిచ్చేసరికి నాకు తొందర పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఊరవతల పామాయిల్ తోటలో ఇల్లు కట్టుకుని ఉంటున్న ఒక రైతు భార్య ఫోన్ చేసింది. తోటలో ఎలుకలు ఎక్కువయ్యాయట, పిల్లి కావాలట. నాకు దేవుడే ఫోన్ చేసినట్టయింది. బుట్ట పట్టుకుని బుధవారం సాయంత్రమే వెళ్లాను.

పిల్లిని ఇచ్చేముందు ఎవరినైనా కొన్ని సంగతులు అడుగుతాను. కుక్క ఉందా, బావికి మూత ఉందా, ఇల్లు మారే ఆలోచన ఉందా. అన్నిటికంటే ముఖ్యంగా ఎలుకల మందు పెడతారా అని. మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ చావే. ఎందుకడుగుతున్నానో దాచకుండా చెప్పి, మందు పెడతామంటే పిల్లిని వెనక్కి తెచ్చుకుంటాను. ఆ నియమం నేనే పెట్టుకున్నాను, దాని గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఆ రోజు అలసటో, అలవాటైన ప్రశ్నే కదా అన్న నిర్లక్ష్యమో, “మీ దగ్గర మందు గిట్ల ఏమన్నా ఉంటదా?” అన్నాను.

“ఉండేది టీచరమ్మా!” అందామె భర్త వైపు చూస్తూ. “మాల వేసినకాన్నుంచి బంద్ జేసిండు. ఇప్పుడు వాసన చూద్దామన్నా దొరకదు.”

గెలలు కోసే కత్తి గోడకు ఆనిస్తున్న ఆయన సిగ్గుపడిపోయాడు. “ఇప్పుడు గవన్నీ ఎందుకే” అన్నాడు. ముగ్గురం పగలబడి నవ్వాం.

నేను పిల్లలకు నానార్థాలు చెప్పే మనిషిని. మందు అంటే ఔషధం, మందు అంటే సారా, మందు అంటే విషం. ఆమె చెప్పిన జవాబు నేనడిగిన ప్రశ్నకు కాదని నవ్వుతున్నప్పుడే నాకు తెలుసు. రెండోసారి సరిగ్గా అడగాలి. అడిగితే పెడతామంటారు. రాలిన పండ్లను ఎలుకలు కొరికి పడేసిన తోట నా ఎదురుగానే ఉంది, పెట్టకుండా ఎవరుంటారు? పెడతామంటే పిల్లిని మళ్లీ బుట్టలో వేసుకుని ఓనరమ్మ ముందు నుంచి మెట్లెక్కాలి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని చూసి నవ్వుకుంటాం గానీ, నేను చేసింది అంతకన్నా తెలివైన పనేమీ కాదు. బుట్ట మూత తీశాను.

ఆ పిల్లి నా దగ్గర చేయనిదంతా ఆమె దగ్గర చేసింది. పగలంతా ఆ తోటలో ఆమెకు పలకరించే మనిషి ఉండడు. వారానికోసారి నాకు ఫోన్ చేసి పిల్లి ముచ్చట్లే చెప్పేది. “నా కాళ్ల మీదనే పండుకుంటది టీచరమ్మా. నేను లేస్తే లేస్తది, పొయ్యికాడికి పోతే పొయ్యికాడికొస్తది.” వింటుంటే కొంచెం కుళ్లు కూడా కలిగింది. నా చేతుల మీద గీతలు ఇంకా పోలేదు.

వానాకాలం మధ్యలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. పిల్లి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే తువ్వాలులో చుట్టుకుని బండి మీద పశువుల దవాఖానాకు తెచ్చారట. సూది వేసేలోపే పోయిందట. ఆమె భర్త నూకల్లో మందు కలిపి పొట్లాలు కట్టి చెట్ల మొదళ్లలో పెట్టాడు. ఆమె ఏడుస్తుంటే నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ‘నువ్వు సరిగ్గా అడగలేదు’ అంటుందేమోనని. అనలేదు. అందుకు ఊరట చెందాను. ఆ ఊరటను తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నెల తిరక్కుండా మళ్లీ ఫోన్ చేసింది.

“పిల్లిని చంపినోళ్లు బంగారు పిల్లిని దానం జెయ్యాల్నంట గదా. బంగారం మాతోటి యాడైతది, వెండిది చేయించిన. భద్రాచలం పోయి ఇచ్చొస్త. నువ్వు గూడ రా టీచరమ్మా. దాన్ని సాకినదానివి.”

నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. ఇంకెవరైనా చెబితే ఎగతాళి చేసేదాన్ని. ఆమెతో మాత్రం వస్తానన్నాను. దారిలో నిజం చెప్పేయాలనే వెళ్లాను.

ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాం. ఆమె కొంగుముడి విప్పి వెండి పిల్లిని చూపించింది. చింతగింజకు కాస్త పెద్దది. కంసాలి మీసాలు కూడా గీశాడు. పాల్వంచ రానీ, చెబుదామనుకున్నాను. పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక, సారపాక రానీ అనుకున్నాను. ఈలోగా బస్సు వంతెన ఎక్కింది. ఆమె లేచి నిలబడి గోదారికి దండం పెట్టింది.

గోదారి రేవులో మునిగి వచ్చాక తడి చీరతోనే పంతులు గారి ముందు కూర్చుంది. ఆయన గోత్రం అడిగితే తమ ఇంటి గోత్రం చెప్పింది. వెండి పిల్లి ఆయన పళ్లెంలోకి వెళ్లిపోయింది. నేను ఆమె చెప్పులూ సంచీ పట్టుకుని పక్కనే ఉన్నాను.

చీర మార్చుకుని వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. 

“టీచరమ్మా, నీకో మాట చెప్పాలె. తిట్టవు గదా?”

“చెప్పు.”

“ఆనాడు నువ్వడిగింది ఎలుకల మందని నాకెరికే. తోటల పెడ్తమంటే పిల్లిని ఇయ్యవేమోనని మా ఆయన తాగుడు మీదికి మర్లేసి నవ్విచ్చిన. ఆయన్ని పెట్టనియ్యకుంట నేను జూసుకుంట అనుకున్న. వానలు పడ్డంక నాకు చెప్పకుంటనే పెట్టిండు.” ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు నా మాట నమ్మినవు. నమ్మిన మనిషిని మోసం జేసిన. పిల్లి పాపం వెండి పిల్లితోని పోతదేమో. గిదెట్ల పోతది?”

‘ఆ రోజు నేను నమ్మలేదు.’ ఆ మాట నాలుక చివరన ఉంది. అంటే చాలు, ఆమె మోస్తున్న దాంట్లో సగం నా మీదికి వచ్చేది. తెలిసీ పిల్లిని వదిలేసి వెళ్లిన టీచరమ్మగా ఆమె కళ్లలో మిగిలేదాన్ని.

“పోనీలే,” అన్నాను. “నేనేమీ అనుకోలేదు. మనసులో పెట్టుకోకు.”

ఆమె భోరున ఏడ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.